కంటికి కానరాని వేలము

పంచాయతీ చావడి ముందు వేలము పాట జరుగుచుండగా చూడనివారు మనలో అరుదు. చెరువులోని చేపలకో, గట్టు మీది చింతచెట్ల కాపునకో, వారపు సంత ఆశీళ్లకో పాట పెట్టుదురు. ముందురోజున టముకు వేయించి ఊరివారికి తెలుపుదురు. పాటలో దిగదలచినవాడు ముందుగా ధరావతు కట్టవలెను. "సర్కారువారి పాట వేయి రూపాయలు!" అను కేకతో పాట మొదలగును. ఒకరు నూరు, మరొకరు ఇన్నూరు హెచ్చించుకొనుచు పోవుదురు. "ఒకటోసారి, రెండోసారి, మూడోసారి" అనగానే పాట ముగియును. హెచ్చు పాటదారుని పేరు రిజిస్టరులోనికి ఎక్కును.

ఈ తతంగములో మనము గమనింపని రక్షణలు కొన్ని ఇమిడియున్నవి. చెరువు కన్నుల యెదుట ఉండును. నీరెంత యున్నదో గట్టున నిలిచి చూడవచ్చును. అమ్మువారెవరో తెలియును. పోటీగా పాడుచున్నవాడు నిజముగా కొనదలచినవాడో, ధర ఎగద్రోయుటకై ఎవరైన నిలువబెట్టిన మనిషియో, ఊరివారు ముఖము చూచి చెప్పగలరు. ధరావతు కట్టియున్నాడు కనుక గెలిచినవాడు మాట తప్పి పోజాలడు. వస్తువు, అమ్మువాడు, పోటీదారు, ఈ మూడును పగటి వెలుతురులో మనయెదుట నిలిచియుండును.

నేడు ఈ పాట అంతర్జాలములో కూడ జరుగుచున్నది. అచ్చట ఈ మూడింటిలో ఒక్కటియు కంటికి కానరాదు. వస్తువునకు బదులు ఒక ఛాయాచిత్రము, మనిషికి బదులు ఒక మారుపేరు, పోటీదారునకు బదులు ఒక అంకె మాత్రమే కనిపించును. ఐనను కోట్లకొలది ప్రజలు ఆ అంగళ్లలో కొనుచున్నారు, అమ్ముచున్నారు. అధిక భాగము క్షేమముగనే ఇండ్లకు చేరుచున్నారు. మరి ఆ నమ్మకము దేనిమీద నిలిచియున్నది? అది ఎచ్చట తెగును? ఈ ప్రశ్నకు సమాధానము తెలిసినచో జాగ్రత్తల పట్టికను కంఠస్థము చేయనక్కరలేదు. అవి వాటంతట అవియే తోచును.

విరిగిన వస్తువుతో మొదలైన అంగడి

1995 సెప్టెంబరులో, అమెరికాలోని కాలిఫోర్నియాలో, పియెర్ ఒమిడ్యార్ అను ఇరువదియెనిమిదేండ్ల యువకుడు 'ఆక్షన్ వెబ్' అను పేరుతో వేలము అంగడి నొకదానిని అంతర్జాలములో తెరచెను. 1997లో దాని పేరు 'ఈబే'గా మారినది. అచ్చట మొదట అమ్ముడుపోయిన వస్తువు విరిగిన లేజరు పాయింటరు అని ఆ సంస్థ చెప్పుకొనును. దానికి 14 డాలర్ల 83 సెంట్లు పలికినవట. అది పనిచేయదను సంగతి తెలిసియే కొనుచున్నారా అని ఒమిడ్యార్ కొన్నవానిని అడుగగా, విరిగిన లేజరు పాయింటర్లను సేకరించుటయే తన వేడుక యని అతడు బదులిచ్చెనట.

ఈ కథలో గమనింపవలసినది ఒకటి కలదు. అమ్మినవాడు లోపమును దాచలేదు. కొన్నవాడు తెలిసి కొనెను. అందరును ఇట్లే ప్రవర్తించినచో మనకు ఈ ప్రసంగముతో పనియే లేదు. కాని సంత సంతయే. పశువుల సంతలో గొడ్డు పళ్లు చూడక, సుడులు చూడక, నాలుగడుగులు నడిపింపక సొమ్ము చేతికిచ్చు రైతు ఉండడు. గొడ్డు లోపము అమ్మువానికి తెలియును, కొనువానికి తెలియదు కనుకనే ఈ పరీక్ష.

అమెరికా ఆర్థికవేత్త జార్జి అకర్‌లాఫ్ 1970లో ఈ విషయమునే పాత కార్ల సంతను ఉదాహరణగా తీసికొని ఒక వ్యాసములో వివరించెను. మంచి కారేదో చెడ్డ కారేదో కొనువానికి తెలియనప్పుడు అతడు నడిమి ధర మాత్రమే ఇవ్వజూచును. ఆ ధర మంచి కారు గలవానికి గిట్టదు. అతడు సంతనుండి తప్పుకొనును. అట్లు మంచి సరకు తొలగిపోయి చెడ్డ సరకు మిగులును. తుదకు సంతయే పాడుపడును. అకర్‌లాఫ్ 2001లో మరి ఇద్దరితో కలిసి ఆర్థికశాస్త్రమున నోబెల్ బహుమానమును పొందెను. కంటికి కానరాని వేలము నిలువవలెనన్నచో ఈ చిక్కునకు మందు కావలసియుండెను. ఆ అంగళ్లు కనిపెట్టిన మందులు రెండు. ఒకటి పేరు, రెండవది సొమ్ము నడచు దారి.

పేరునకు గల వెల

1996లోనే ఆ అంగడిలో ఒక ఏర్పాటు జరిగెను. బేరము ముగిసిన పిమ్మట కొన్నవాడును అమ్మినవాడును ఒకరినిగూర్చి ఒకరు నలుగురికి కనిపించునట్లు తమ అభిప్రాయము వ్రాయవచ్చును. ఊరిలో నోటిమాటగా పాకు పేరుప్రతిష్ఠలకు ఇది వ్రాతరూపము.

ఈ పేరునకు వెల కలదా అని కొందరు పండితులు పరీక్షించిరి. ఈబేలో పాత పోస్టుకార్డులను చిరకాలముగా అమ్ముచు మంచి పేరు సంపాదించిన ఒక వర్తకుని సహాయముతో, ఒకే తరహా కార్డులను అతని పాత పేరు మీద కొన్నిటిని, కొత్తగా తెరచిన పేర్ల మీద కొన్నిటిని వేలమునకు పెట్టించిరి. కొనువారు పాత పేరునకు నూటికి 8.1 వంతున ఎక్కువ ధర ఇచ్చినట్లు తేలెను. ఈ పరిశోధన 2006లో ప్రకటింపబడినది.

పేరునకు వెల యున్నది కనుకనే నిజాయితీపరుడు దానిని కాపాడుకొనును. ఆ వెల కొరకే దొంగ దానిని దొంగిలించును. ఇతరుల పాత ఖాతాలను చేజిక్కించుకొని వాటి మంచిపేరు చాటున అమ్మకములు చేయువారు కలరు. కావున పొగడ్తల సంఖ్యను చూచి తృప్తిపడరాదు. ఆ పొగడ్తలు దేనికి వచ్చినవో చూడవలెను. రెండేండ్లుగా పెన్సిళ్లు, బొత్తాములు అమ్మినవాడు నేడు హఠాత్తుగా పది కెమెరాలను సగము ధరకు అమ్మజూపినచో ఆగి ఆలోచింపవలెను. పొగడ్తలకంటె ఫిర్యాదులను శ్రద్ధగా చదువవలెను. పూర్వము అమ్మువారు ప్రతీకారముగా చెడ్డమాట వ్రాయుదురను భయముచే కొన్నవారు నిజము వ్రాయుటకు జంకుచుండిరి. అందువలన 2008లో ఈబే కొనువారిని గూర్చి అమ్మువారు చెడ్డమాట వ్రాయు వీలును తొలగించెను. పొగడ్త చౌకగా దొరకును. ఫిర్యాదు వ్రాయుటకు కొంత బాధయు, కొంత ధైర్యమును కావలెను.

పాట పాడు విధము

ఇక పాట సంగతి. ఈబే వంటి అంగళ్లలో మనము గంటలకొలది కూర్చుండి పాడనక్కరలేదు. మనమియ్యగల గరిష్ఠ ధరను యంత్రమునకు చెప్పినచో అది దానిని గుట్టుగా ఉంచుకొని, పోటీదారుని మించుటకు కావలసినంతమాత్రమే హెచ్చించుచు మన పక్షమున పాడును. మీరు ఒక కెమెరాకు 5,000 గరిష్ఠముగా చెప్పితిరనుకొందము. పోటీదారుడు 4,000 చెప్పెను. హెచ్చింపు మెట్టు నూరు చొప్పున నున్నచో కెమెరా మీకు 4,100కే దక్కును. గెలిచినవాడు రెండవవాని ధరను బట్టి చెల్లించు ఇట్టి వేలములలో తన మనసులోని నిజమైన ధరను చెప్పుటయే ప్రతివానికిని మేలైన పద్ధతి యని విలియం విక్రీ 1961లో నిరూపించెను. 1996లో నోబెల్ బహుమానము పొందిన ఇద్దరిలో అతడొకడు.

కావున పాటకు ముందు మన ధరను ఒక కాగితము మీద వ్రాసి పెట్టుకొనవలెను. అదే వస్తువు ఇటీవల ఎంతకు అమ్ముడుపోయినదో, కొత్తది అంగడిలో ఎంతకు దొరకునో, పంపించు ఖర్చెంతో చూచి ఆ అంకె వేయవలెను. కడపటి క్షణములలో ఎవరో వచ్చి మించిపోవుట అచ్చట నిత్యమును జరుగు సంగతి. అప్పుడు చేయవలసినది కాగితమును చూచుటయే గాని పౌరుషమునకు పోవుట కాదు. హైదరాబాదు చెంత బాలాపూరులో 1994లో 450 రూపాయలకు మొదలైన వినాయకుని లడ్డు పాట 2025లో 35 లక్షలకు చేరినది. అచ్చట భక్తియు ఊరి గౌరవమును పాడును. పాడినవానికి నష్టమను మాట లేదు. కాని పాత కెమెరాకు ఆ వేడి తగదు. పదిమంది ఒక వస్తువునకు వెల కట్టినప్పుడు అందరికంటె ఎక్కువ కట్టినవాడే గెలుచును. అనగా తరచుగా అందరికంటె ఎక్కువ పొరబడినవాడే గెలుచును. అమెరికాలో చమురు క్షేత్రముల వేలములను పరిశీలించిన ముగ్గురు ఇంజనీర్లు 1971లోనే దీనిని గూర్చి హెచ్చరించిరి.

పాటలో మరియొక అపాయము దొంగపాట. అమ్మువాడే మారుపేర్లతో పాడి ధర పెంచుట. 2000 సంవత్సరమున కాలిఫోర్నియాలో ఒక న్యాయవాది 25 సెంట్ల ఆరంభ ధరతో ఈబేలో ఒక వర్ణచిత్రమును పెట్టెను. మూలన 'ఆర్. డి. 52' అను అక్షరములు కనబడుటచే అది రిచర్డ్ డీబెన్‌కార్న్ అను ప్రసిద్ధ చిత్రకారుని పని యని కొనువారు ఊహించిరి. పాట 1,35,805 డాలర్లకు చేరెను. అమ్మినవాడు తానే వేరు పేరుతో పాడినట్లు తేలగా ఈబే ఆ అమ్మకమును రద్దు చేసినది. మారుపేర్లతో అతనికి తోడ్పడినవారును ఉన్నట్లు బయటపడి, విషయము న్యాయస్థానము వరకు పోయినది. అది ఆ చిత్రకారుని పని యని అమ్మినవాడు ఎచ్చటను వ్రాయలేదు. పాడినవారి ఆశయే ఆ మాట చెప్పినది. 'చెప్పనిదానిని ఊహింపరాదు' అనునది దీనినుండి మనము నేర్వదగిన పాఠము.

మన దేశపు చట్టము ఈ విషయమున స్పష్టముగ నున్నది. 1930 నాటి వస్తువిక్రయ చట్టము 64వ సెక్షను ప్రకారము, తానును పాడుదునని అమ్మువాడు ముందుగా ప్రకటింపనిచో, తాను పాడుట గాని, తన పక్షమున ఇంకొకరిచే పాడించుట గాని న్యాయము కాదు. అట్టి అమ్మకమును కొన్నవాడు మోసముగా పరిగణింపవచ్చును.

సొమ్ము నడచు దారి

పేరు మొదటి మందు. రెండవది, ఇంకను ముఖ్యమైనది, సొమ్ము నడచు దారి. అంగడి ఏర్పరచిన దారిలోనే సొమ్ము చెల్లించినవానికి, వస్తువు రాకున్నను, వచ్చినది ప్రకటనలో చెప్పినట్లు లేకున్నను, ఈబే వంటి సంస్థ నిర్ణీత గడువులో ఫిర్యాదు విని సొమ్ము తిరిగి ఇప్పించును. సామాన్యముగా ఆ గడువు వస్తువు చేరిన, లేక చేరవలసిన, నాటినుండి 30 దినములు. అమెరికాలోనున్న మన తెలుగువారు ఈ అంగళ్లను తరచు వాడుదురు. వారు దీనిని గుర్తుంచుకొనవలెను. అమ్మువానికిని ఈ దారియే రక్షణ. వస్తువును కట్టునప్పుడు దాని క్రమసంఖ్యతో సహా ఛాయాచిత్రములు తీసి, ఎచ్చట నున్నదో తెలియజేయు పార్సిలులోనే పంపినచో, ఖాళీ పెట్టె వచ్చినదను అబద్ధమునకు బదులు చెప్పవచ్చును.

ఈ రక్షణకు ఒక హద్దు కలదు. సొమ్ము ఆ దారి దాటి బయటకు పోయిన క్షణముననే రక్షణ ముగియును. మోసగాండ్రకు ఇది బాగుగ తెలియును. అందుచే మోసము తరచు ఒకే పిలుపుతో మొదలగును: "ఇక్కడెందుకండీ, మనం నేరుగా చూసుకుందాం. మీకూ కలిసొస్తుంది." పాటలో ఓడిపోయినవానికి, "గెలిచినవాడు కొనలేదు, ఆ వస్తువు మీకే ఇత్తుము" అని విడిగా ఒక ఉత్తరము వచ్చును. అట్టి అవకాశము నిజముగా కలుగవచ్చును. కాని నిజమైనదైనచో అది అంగడిలోని మీ ఖాతాలోనే కనబడును. మరియొకడు, "సొమ్మును మధ్యవర్తి సంస్థ వద్ద ఉంచుదము" అని తానే కల్పించిన దొంగ సంస్థ చిరునామా ఇచ్చును. వేషములు వేరైనను కోరిక ఒక్కటే: దారి దాటి రమ్మని.

మన దేశములోని స్థితి

మన దేశములో ముంబయిలో వెలసిన బాజీ డాట్ కామ్ అను వేలము అంగడిని 2004లో ఈబే కొనెను. ఈబే భారతదేశపు అంగడి 2018 ఆగస్టులో మూతపడినది. నేడు మన ఇండ్లలోని పాత వస్తువులు ఎక్కువగ ఓఎల్ఎక్స్, క్వికర్, ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్ వంటి చోట్ల చేతులు మారుచున్నవి. వీటికిని వేలము అంగడికిని గల భేదమును గ్రహింపవలెను. ఇవి చాలవరకు ప్రకటనలు అంటించు గోడలవంటివి. ఒక పొరుగువాడు మరొక పొరుగువానితో చేసికొను బేరములో సొమ్ము సామాన్యముగా ఆ సంస్థల చేతులమీదుగా నడువదు. పాట లేదు, ధరావతు లేదు, సొమ్మును పట్టియుంచు మధ్యవర్తి లేడు. పైన చెప్పిన కంచె యిచ్చట లేదు గనుక దానిని మనమే కట్టుకొనవలెను. అది లేనిచో ఏమగునో మా అనుభవములోని ఒక సంగతిని చెప్పెదము.

మా కేంద్రములో ముప్పది యేండ్లు లెక్కల శాఖలో పనిచేసి విశ్రాంతి పొందిన పెద్ద యొకరు కలరు. వారి చిట్టాలో ఒక్క పైసా తేడా వచ్చినట్లు మేమెరుగము. వారి యింట చిరకాలముగా నున్న ఒక వాల్వుల రేడియోను, ఇల్లు మారుచు, ఇట్టి ఒకచోట 6,000 రూపాయలకు అమ్మకమునకు పెట్టిరి. ఆ మధ్యాహ్నమే ఒకడు ఫోను చేసెను. తాను సైన్యములో పనిచేయుచున్నాననియు, బదిలీ అయినదనియు, తండ్రికి బహుమతిగా ఇచ్చుటకు రేడియో కావలెననియు చెప్పెను. బేరమాడలేదు. యూనిఫారముతో నున్న ఛాయాచిత్రమును, గుర్తింపు కార్డును పంపెను.

"అంకుల్‌గారూ, మా ఆర్మీలో డబ్బు పంపే పద్ధతి వేరు. ముందు పది రూపాయలు పంపిస్తాను, వచ్చాయో లేదో చూడండి" అనెను. పది రూపాయలు నిజముగనే వచ్చినవి. ఆ పిమ్మట ఒక క్యూఆర్ కోడు పంపి, "దీన్ని స్కాన్ చేసి పిన్ కొట్టండి, ఆరు వేలు మీ ఖాతాలో పడతాయి" అనెను. పెద్దవారు అట్లే చేసిరి. 6,000 వచ్చుటకు బదులు పోయినవి. "అయ్యో, పొరపాటు జరిగింది అంకుల్. రెండూ కలిపి పన్నెండు వేలకు కోడ్ పంపుతున్నాను" అని వాడు నొచ్చుకొన్నట్లు పలికెను. మరల 12,000 పోయినవి. అంతటితో ఫోను మూగవోయినది.

మోసపోయినవారు అత్యాశకు లోనైనవారని లోకము అనుకొనును. వీరు ఒక రూపాయియైనను ఎక్కువ ఆశింపలేదు. సైనికుడను గౌరవము, తండ్రికి బహుమతి యనిన ఆదరము, ఎదుటివానిని అనుమానింపరాదను మర్యాద, ఇవియే వారిని ముంచినవి. దుర్గుణము కాదు, సద్గుణము. తరువాతి సంగతి ఇంకను బాధాకరము. రెండు దినములు వారు భార్యతో సైతము చెప్పలేదు. "ముప్పై ఏళ్లు లెక్కలు చూసినవాణ్ణి, ఏ ముఖం పెట్టుకొని చెప్పను?" అని తరువాత మాతో అనిరి. ఫిర్యాదు చేయునప్పటికి ఆ సొమ్ము చేతులు మారి, ఖాతాలు దాటిపోయెను.

ఒక్క సూత్రము, ఒక్క సంఖ్య

మొదట సూత్రము. యూపీఐలో పిన్ అనునది మన పెట్టె తాళపుచెవి. సొమ్ము పంపుటకు దానిని వాడుదుము. సొమ్ము పుచ్చుకొనుటకు పిన్ అక్కరలేదు. కోడును స్కాన్ చేయుటయు అక్కరలేదు. మనకు ఎవరైన సొమ్ము ఇయ్యవలెనన్నచో తాళపుచెవి తిప్పవలసినది వారు, మనము కాదు. ఒకరినుండి ఒకరు సొమ్ము కోరుచు పంపు 'కలెక్ట్' అభ్యర్థనలను 2025 అక్టోబరు నుండి యూపీఐలో నిలిపివేసిరి. ఐనను క్యూఆర్ కోడు మోసము దానివలన ఆగదు. మొదట వచ్చిన పది రూపాయలు నమ్మకమునకు సాక్ష్యము కాదు. గాలపు కొనకు గ్రుచ్చిన యెర.

పిమ్మట సంఖ్య. మోసము జరిగినట్లు తెలిసిన క్షణముననే 1930 సంఖ్యకు ఫోను చేయవలెను. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ అను ప్రభుత్వ వెబ్‌సైటులో ఫిర్యాదు వ్రాయవలెను. తన బ్యాంకునకు తెలుపవలెను. వెంటనే తెలిపినచో సొమ్ము ఇంకను ఏదో ఒక ఖాతాలో నుండగానే దానిని ఆపు అవకాశము కలదు. ప్రతి గంటకును ఆ అవకాశము తరుగును. దొంగపాటను నిషేధించిన చట్టము 1930 నాటిదని పైన చెప్పితిమి. ఈ ఫోను సంఖ్యయు 1930యే. ఈ పోలికతోనైన పాఠకులు దీనిని మరువకుందురు గాక. సిగ్గుపడవలసినది దొంగ గాని దోచుకొనబడినవాడు కాదు. ఇంటిలో పెద్దవారు ఇట్టి సంగతి చెప్పినప్పుడు, "ఇంత చదువుకొని ఎలా మోసపోయావు?" అని అడుగువారు తెలియకయే దొంగకు సాయము చేయుచున్నారు. ఆ ఒక్క ప్రశ్నకు భయపడియే మా పెద్దలు రెండు దినములు నోరు మెదపలేదు.

ఇక కంచె కట్టుకొను విధము. వస్తువును చూడక, చూపక సొమ్ము మాట ఎత్తరాదు. పగటిపూట, నలుగురు మసలు చోట కలిసికొని, వస్తువును పరీక్షించి, అచ్చటనే ఇచ్చిపుచ్చుకొనవలెను. పాత సెల్‌ఫోను కొనునప్పుడు నక్షత్రపు గుర్తు, హాష్ గుర్తు, 06, మరల హాష్ గుర్తు నొక్కినచో పదునైదంకెల ఐఎంఈఐ సంఖ్య కనబడును. దానిని కేంద్రప్రభుత్వపు సంచార్ సాథీలో పరిశీలించినచో ఆ ఫోను వాడుకకు నిషేధింపబడినదో కాదో తెలియును. వాహనము కొనునప్పుడు రిజిస్ట్రేషను పత్రమును, ఫైనాన్సు బాకీ తీరినదను పత్రమును చూడవలెను. అమ్మినవాడు యాజమాన్యము మారినట్లు 14 దినములలో తెలుపవలెనని మోటారు వాహనముల చట్టము చెప్పుచున్నది. తెలుపనిచో తాను అమ్మిన బండి చేసిన ప్రమాదమునకు తన పేరే పలుకును.

బ్యాంకులు బాకీ క్రింద స్వాధీనము చేసికొన్న ఇండ్లు, స్థలములు కూడ నేడు అంతర్జాలములోనే వేలమగుచున్నవి. ప్రభుత్వరంగ బ్యాంకుల వేలములకై 'బ్యాంక్‌నెట్' అను వేదిక 2025 జనవరిలో ఆరంభమైనది. ఇచ్చట మన చావడి పాటలోని ధరావతు మరల కనబడును. హెచ్చు పాటదారుడు ఆ దినముననో, మరుసటి పనిదినము ముగియులోగానో, ధరావతుతో కలిపి నాలుగవ వంతు చెల్లింపవలెను. చెల్లింపనిచో కట్టినది పోవచ్చును. ఆస్తిని "ఉన్నది ఉన్నట్లు" అమ్ముదురు. అనగా లోపలి కిరాయిదారు, కట్టని పన్ను, విద్యుత్తు బాకీ, కోర్టు తగాదా మొదలగువాటిని విచారించు బరువు పాటదారునిదే. చిత్రమును చూచి చెరువు పాడరాదు. ధరావతు కట్టుటకు ముందు ప్రకటనలోని ఖాతా సంఖ్య నిజమైనదో కాదో బ్యాంకు శాఖకు స్వయముగా పోయి తెలిసికొనుట మేలు.

కావున అంతర్జాలమును చూచి భయపడనక్కరలేదు. ఇంటిలో మూలబడిన వస్తువు ఇంకొకరికి పనికివచ్చుటయు, కొత్తది కొనజాలని విద్యార్థికి పాత కంప్యూటరు దొరకుటయు సంఘమునకు మేలే. ఎదుటివాడు మంచివాడా చెడ్డవాడా అని ఫోనులో గొంతు విని నిర్ణయించు శక్తి మనలో ఎవరికిని లేదు. దానిని మనము నిర్ణయింపనక్కరలేదు కూడ. మంచివాడైనను చెడ్డవాడైనను మనకు నష్టము రాని పద్ధతిలో బేరము నడుపుట మన చేతిలో నున్నది. ఆ పద్ధతిని కోరినచో మంచివాడు నొచ్చుకొనడు. నొచ్చుకొన్నట్లు నటించి, తొందరపెట్టి, పద్ధతిని మార్చుమనువాడే మనకు తన సంగతి తెలుపుచున్నాడు.

చావడి ముందు పాట ముగియుటకు ముందు మూడుమారులు పిలుచుట ఊరక పెట్టిన ఆచారము కాదు; ఆలోచించుకొనుటకు ఇచ్చు వ్యవధి. కంటికి కానరాని వేలములో ఆ మూడు పిలుపులను మనకు మనమే పిలుచుకొనవలెను. ఒకటోసారి: వస్తువును గూర్చి నిజముగా నాకేమి తెలియును? రెండోసారి: ఎదుటివాడు రేపు మాట తప్పినచో వానిని పట్టుకొను ఆధారమేది? మూడోసారి: ఈ సొమ్ము ఏ దారిని పోవుచున్నది, ఆ దారిని తిరిగి రాగలదా? మూడింటికిని సమాధానము దొరికినప్పుడే పాటను ఖాయపరచవలెను.

మా పెద్దల రేడియో అమ్ముడుపోలేదు. ఇల్లు మారినప్పుడు దానిని తమవెంటనే తీసికొనిపోయిరి. ఈ సంగతిని పేరు చెప్పక ప్రసారము చేయుటకు మేము అనుమతి కోరగా, "చెప్పండి. నాలాంటి వాడొకడు ఆ రెండు రోజులు ఆగకుండా ఫోన్ చేస్తే చాలు" అనిరి.